ఆ బొమ్మకు మార్కులు వేయకండి



ఈ నెల ఈ పేజీలో ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మీకు చెప్పదలచుకున్న మాట ఆ తర్వాత చెబుతాను.

గత నవంబరులో ఒక రోజు తొమ్మిదో తరగతిలో పాఠం చదివిస్తున్నాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి పుస్తకం నిలబెట్టి, దాని చాటున పెన్సిల్ బాక్సులోకి చూస్తున్నాడు. ఫోనేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. ఫోను కాదు. అంగుళం కంటే కాస్త పొడవున్న బొమ్మ. పచ్చటి ఒళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, చేతిలో గొడ్డలి. "తొమ్మిదో తరగతికి వచ్చి ఇంకా బొమ్మలాటలా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. బొమ్మను తీసుకెళ్లి నా టేబుల్ డ్రాయర్లో పడేశాను.

ఆ శనివారమే పేరెంట్ టీచర్ మీటింగ్. ఆ అబ్బాయికి యూనిట్ టెస్టులో లెక్కల మార్కులు బాగా తగ్గాయి. వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని కారణం అడిగారు. నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. "క్లాసులో బొమ్మలతో ఆడుతున్నాడు సార్. ఇంట్లో కాస్త చూసుకోండి" అన్నాను. వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. మా మాటలు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి.

డిసెంబరులో డ్రాయర్ సర్దుతుంటే ఆ బొమ్మ మళ్లీ చేతికి తగిలింది. అబ్బాయిని స్టాఫ్ రూముకు పిలిచి, తీసుకోమన్నాను. తీసుకోలేదు.

"మీ దగ్గరే ఉంచండి మేడమ్. మిగతావి నాన్న పాతసామాన్ల వాళ్లకి ఇచ్చేశారు."

మిగతావి అంటే ఇరవై మూడు బొమ్మలు. వాటికి రంగులు వేయడానికి అతనికి రెండేళ్లు పట్టింది. అన్నీ తన చేత్తో వేసుకున్నవే.

ఆ సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. నేను అంత దూరం ఆలోచించలేదని, క్షమించమని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు చెప్పారనే కదా మేడమ్" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది.

ఈ సంగతి రాస్తానంటే ఆ తండ్రీకొడుకులు ఇద్దరూ ఒప్పుకున్నారు. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

ఇంతకీ ఏమిటీ బొమ్మలు?

నేను చిన్నపిల్లల ఆట అనుకున్నది నిజానికి పెద్దవాళ్ల దగ్గర పుట్టిన సరదా. సైన్స్ ఫిక్షన్ నవలలు రాసిన హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. బొమ్మ సైనికులతో యుద్ధం ఆట ఎలా ఆడాలో చెప్పే నియమాల పుస్తకం అది. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. ఎవరి పాత్ర ఎక్కడ నిలబడిందో తెలియడానికి బల్ల మీద చిన్న బొమ్మలు పెట్టుకునేవారు. 1975లో ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ మొదలైంది. 1983లో ఆ సంస్థ నుంచి 'వార్‌హామర్' అనే ఆట వచ్చింది. ఈ సంస్థ ముఖ్య కార్యాలయం ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉంది.

వార్‌హామర్ ఆడాలంటే ఎవరి సైన్యాన్ని వాళ్లే తయారు చేసుకోవాలి. డబ్బాలో బొమ్మలు ముక్కలుగా, రంగు లేకుండా వస్తాయి. ఒక ప్లాస్టిక్ చట్రానికి చేతులు, తలలు, కత్తులు అతుక్కుని ఉంటాయి. వాటిని కత్తిరించి, గీకి, అతికించి, రంగులు వేయాలి. ఆ తర్వాతే ఆట. చాలామంది ఆట దాకా వెళ్లరు, రంగులు వేయడంలోనే ఉండిపోతారు. బొమ్మలకు రంగులు వేయడంలో 'గోల్డెన్ డీమన్' అనే పోటీ 1987 నుంచి ఉంది. సూపర్‌మ్యాన్‌గా నటించిన హెన్రీ కావిల్ కూడా ఈ బొమ్మలకు రంగులు వేస్తుంటానని టీవీలోనే చెప్పుకున్నాడు.

మా అబ్బాయికి ఈ సరదా ఎలా అంటిందంటే, అతని మేనమామ ఇంగ్లండులో ఉద్యోగం చేస్తారు. ఏడో తరగతిలో పుట్టినరోజుకి ఒక డబ్బా పంపారు. అక్కడి నుంచి మొదలు.

నేను పాఠం విన్న రోజు

బొమ్మ తీసుకోనన్న రోజు ఏం మాట్లాడాలో తోచక, "దీనికి కళ్లు ఎలా వేశావు?" అని అడిగాను. ఆవగింజంత కన్ను. అందులో తెలుపు, మధ్యలో నల్లచుక్క.

నా క్లాసులో తనంతట తాను లేచి ఒక్క జవాబూ చెప్పని పిల్లవాడు ఆ రోజు పావుగంట మాట్లాడాడు. కొంత తెలుగు, చాలావరకు ఇంగ్లీషు. అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ.

ముందు బొమ్మ మొత్తానికి ప్రైమర్ వేయాలి. లేకపోతే ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. తర్వాత ఒక్కో భాగానికి అసలు రంగు. రంగును నీళ్లతో పల్చన చేసుకోవాలి. ఒక్కసారే చిక్కగా వేస్తే బొమ్మ మీద చెక్కిన గీతలన్నీ పూడిపోతాయి. ఒక పల్చటి పూత వేసి, ఆరాక రెండోది వేయాలి. ఆ తర్వాత 'వాష్' అని నీళ్లలాంటి ముదురు రంగు పూస్తారు. అది గుంటల్లోకి, మడతల్లోకి జారి నీడలా నిలబడుతుంది. అది ఆరాక కుంచెకు లేత రంగు అద్ది, గుడ్డకు దాదాపు అంతా తుడిచేసి, పైపైన రాస్తారు. ఉబ్బెత్తుగా ఉన్న చోట మాత్రమే రంగు అంటుకుని వెలుతురు పడినట్టు కనిపిస్తుంది. చివర్లో రంగు చెదరకుండా వార్నిష్.

కన్ను గురించి అతను చెప్పింది మాత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆలోచించాను.

"కన్ను ముందే వేసెయ్యాలి మేడమ్. ఫస్ట్ తప్పుగానే వస్తుంది. తెలుపు బయటికి పోతుంది, చుక్క పక్కకి పోతుంది. తర్వాత చుట్టూ ముఖం రంగు వేసుకుంటూ వస్తే కన్ను కరెక్ట్ అయిపోతుంది."

ఇంకో మాట కూడా అన్నాడు. ప్రతి బొమ్మా సగంలో అసహ్యంగానే ఉంటుందట. అసలు రంగులు వేసి, నీడలు ఇంకా పడని దశలో చూస్తే పారేయాలనిపిస్తుందట. "అప్పుడు ఆపకూడదు మేడమ్. నాకు మొదటి నాలుగు బొమ్మలదాకా ఆ సంగతి తెలీదు" అన్నాడు. మరీ పాడైతే రంగంతా కరిగించి తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చట.

నేను బీఈడీ చదివాను. తప్పుల నుంచి నేర్చుకోవడం గురించి పరీక్షల్లో పేజీలు పేజీలు రాశాను. కానీ నా క్లాసులో తప్పు అంటే నోట్సు మీద ఎర్ర ఇంకు గీత. ఆ గీతను ఏ పిల్లవాడూ వెనక్కి వెళ్లి చెరపలేడు. సగంలో ఉన్న పనిని కూడా పూర్తయినట్టే లెక్కేసి మార్కు వేస్తాం. ఇంటికి వచ్చి ఆ మార్కే మీకు చూపిస్తాడు.

మార్కులు పెరుగుతాయా?

మీరు అడగబోయే మొదటి ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. నేనూ ముందు ఇదే ఆలోచించాను. చేతివేళ్లకు మంచిది, ఏకాగ్రతకు మంచిది, ఇంగ్లీషు మాటలు వస్తాయి అని చెప్పి మిమ్మల్ని ఒప్పించవచ్చు. కానీ ఆ దారిలో వెళ్లదలచుకోలేదు. బొమ్మకు రంగు వేస్తే లెక్కల్లో ఎన్ని మార్కులొస్తాయని లెక్క కట్టిన రోజే ఆ సరదా పోతుంది.

ఒక్కటి మాత్రం చెప్పగలను. బొమ్మలు పోయాక ఆ అబ్బాయి మార్కులు పెరగలేదు. డిసెంబరు పరీక్షలో ఇంకో ఆరు తగ్గాయి. జనవరిలో లెక్కల సార్ కూర్చోబెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎనిమిదో తరగతిలో డెంగీ వచ్చి మూడు వారాలు బడికి రాలేదు. ఫ్యాక్టరైజేషన్ పాఠం అప్పుడే అయిపోయింది. అది రాకపోతే తొమ్మిదిలో ఆల్జీబ్రా ముందుకు సాగదు. ఆ గండి అక్కడ ఉంటే మేము బొమ్మల డబ్బా మీద పడ్డాం. నేను కారణం వెతకలేదు. కంటికి కనిపించినదాన్ని కారణం అన్నాను.

పిల్లల చేతిలో మనకు అర్థం కాని వస్తువు ఏది కనిపించినా మార్కులు తగ్గడానికి అదే కారణం అనిపిస్తుంది. బొమ్మ కావచ్చు, క్యారమ్ బోర్డు కావచ్చు, గిటారు కావచ్చు. దాన్ని తీసేస్తే మనం ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది. ఈ తృప్తి నేనూ అనుభవించాను కాబట్టే చెబుతున్నాను.

మన పిల్లల రోజు ఒకసారి చూడండి. ఏడున్నరకి బస్సు. సాయంత్రం స్టడీ అవర్ అయ్యి ఇల్లు చేరేసరికి ఆరు. స్నానం, టిఫిను, హోంవర్కు. ఆదివారం ఫౌండేషన్ టెస్టు. చదువు, ప్రవర్తన, హాజరు, చివరికి డ్రాయింగుకు కూడా గ్రేడు. రోజు మొత్తంలో ఎవరూ కొలవని పని ఏదైనా ఉందా? ఈ బొమ్మ దగ్గర కూర్చున్న గంటలో ఆ పిల్లవాడిని కొలిచేవాడు లేడు. పని బాగా వచ్చిందో లేదో తనే చూసుకుంటాడు. బాగా లేకపోతే తనే మళ్లీ వేసుకుంటాడు. తన పని తనే చూసుకుని 'ఇంకా బాగు చేయొచ్చు' అనుకోవడం పెద్దయ్యాక ప్రతి ఉద్యోగంలోనూ కావాలి. దానికి మేము బడిలో పీరియడ్ పెట్టలేకపోయాం.

మీ సందేహాలు

కొందరు తల్లిదండ్రులతో ఈ విషయం మాట్లాడినప్పుడు వచ్చిన అభ్యంతరాలు ఇవి. అన్నీ న్యాయమైనవే.

"రాక్షసుల బొమ్మలు, కత్తులు, గొడ్డళ్లు... పిల్లలకు మంచిదా?" వీటి కథల్లో యుద్ధాలున్న మాట నిజం. కొన్ని పెద్ద పిల్లలకే తగినవి. ఏం కొంటున్నారో మీరు చూడాల్సిందే. కానీ కోరలున్నంత మాత్రాన భయపడక్కర్లేదు. మనం దసరాకి మహిషాసురుణ్ని చూపిస్తాం, పది తలల రావణుణ్ని చూపిస్తాం. సంక్రాంతి బొమ్మల కొలువులో నరసింహస్వామి పక్కన హిరణ్యకశిపుడూ ఉంటాడు. రాక్షసుడు లేని కథ మన ఇళ్లలోనూ లేదు.

"ఇదంతా విదేశీ సరదా కదా?" ఈ ఆట అక్కడిదే. చిన్న బొమ్మకు రంగులద్దే పని మాత్రం మనకు కొత్త కాదు. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కుతారు. చేతులు, కాళ్లు విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తర్వాత సన్నటి కుంచెతో కళ్లు, మీసాలు, చీర అంచులు దిద్దుతారు. నాటింగ్‌హామ్ బొమ్మ చేసేవాళ్లు పుట్టీతో అతుకు పూడ్చే పనీ, ఇక్కడ మక్కుతో చేసే పనీ ఒకటే. మీ పిల్లవాడికి ఈ సరదా ఉంటే ఒక ఆదివారం కొండపల్లి తీసుకెళ్లి ఆ పని చూపించండి. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం రాయించకండి.

"చాలా ఖరీదు కదా?" అవును. బయటి దేశం నుంచి వచ్చే డబ్బాలు మనకు చాలా ఖరీదు. కొనమని నేను చెప్పడం లేదు. మొదలుపెట్టడానికి అవి అక్కర్లేదు కూడా. ఇంట్లో పాత ప్లాస్టిక్ సైనికుడో, డైనోసారో ఉంటే చాలు. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. స్టేషనరీ షాపులో దొరికే యాక్రిలిక్ రంగులు ఐదారు, ఒక సన్న కుంచె, ఒక లావు కుంచె, పాత పింగాణీ సాసరు సరిపోతాయి. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం ఉంటే మిగతావి కలుపుకోవడం వాళ్లే నేర్చుకుంటారు.

"ప్రమాదం లేదా?" జాగ్రత్తలున్నాయి. ముక్కలు కత్తిరించే బ్లేడు, సూపర్ గ్లూ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే వాడాలి. స్ప్రే ప్రైమర్ గదిలో కొట్టకూడదు, బాల్కనీలోనో మేడ మీదో గాలి తగిలే చోట కొట్టాలి. కుంచె మొన సన్నగా రావడానికి నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. మొదటి రోజే మాన్పించండి. ఇంట్లో పాకే పిల్లలుంటే బొమ్మల ముక్కలు వాళ్లకు అందకుండా పెట్టాలి.

"పదో తరగతి వస్తోంది, ఇప్పుడెందుకు?" ఈ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. పదో తరగతి ఒత్తిడి నేనూ రోజూ చూస్తున్నాను, కొంతవరకు నేనూ పెడుతున్నాను. సమయం తగ్గించండి. వారానికి ఒక గంటే ఇవ్వండి. కానీ పూర్తిగా తీసేయకండి. ఆ గంట కూడా లేని పిల్లవాడు దాన్ని ఎక్కడో ఒకచోట దొంగిలిస్తాడు. మా అబ్బాయి నా పాఠంలో దొంగిలించాడు.

మూడు చిన్న కోరికలు

మొదటిది, పిల్లల సరదాను శిక్షకు వాడుకోకండి. మార్కులు తగ్గితే ఫోను తీసుకోండి, టీవీ ఆపండి, నాకు అభ్యంతరం లేదు. వాళ్లు చేత్తో చేసిన దాన్ని మాత్రం పారేయకండి. అది మళ్లీ కొనడానికి దొరకదు.

రెండోది, దాన్ని కోచింగ్ చేయకండి. వీడికి ఇది బాగా వస్తోంది, క్లాసులో చేర్పిద్దాం, సర్టిఫికెట్ ఇస్తారా, పోటీలున్నాయా అనే ఆలోచన మనకు వెంటనే వస్తుంది. నాకూ వచ్చింది. వార్షికోత్సవంలో ఆ బొమ్మను స్టాల్లో పెడదామా అని అడిగాను. "వద్దు మేడమ్" అన్నాడు. ఎందుకని అడిగితే బల్ల వైపు చూస్తూ ఊరుకున్నాడు. నేను కూడా ఊరుకున్నాను.

మూడోది, మేము మీటింగులో ఏదైనా అంటే ఇంటికెళ్లి వెంటనే అమలు చేయకండి. మాకు మీ పిల్లవాడు నలభై మందిలో ఒకడు. మేము నాలుగు నిమిషాల్లో చెప్పే కారణం తప్పు కావచ్చు. పిల్లవాణ్ని అడగండి. మమ్మల్ని మళ్లీ అడగండి. "ఎలా తెలిసింది మేడమ్?" అని అడిగే హక్కు మీకుంది. ఆ రోజు ఆ తండ్రి నన్ను ఆ ఒక్క మాట అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఆయన ఇంట్లో ఇరవై మూడు బొమ్మలూ ఉండేవి.

పోయినవి తిరిగి రాలేదు. ఆ పాతసామాన్ల కొట్టుకు వాళ్ల నాన్నగారు వెళ్లి అడిగారట, అప్పటికే నెల దాటింది. పచ్చ బొమ్మ ఇన్నాళ్లూ నా డ్రాయర్లోనే, చాక్‌పీసుల డబ్బా పక్కన ఉంది. పోయిన గురువారం ఆ అబ్బాయి వచ్చి, "మేడమ్, శనివారం బొమ్మ తీసుకెళ్తాను. నాన్న సరేనన్నారు" అన్నాడు. కాగితంలో చుట్టి ఇచ్చాను. గొడ్డలి అంచు దగ్గర రంగు కాస్త లేచింది, నా డ్రాయర్లో తగిలిన దెబ్బే అయ్యుంటుంది. చూపించి, సారీ చెప్పాను.

"పర్లేదు మేడమ్, అది మళ్లీ వేసుకోవచ్చు" అన్నాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలు ఏదైనా చేస్తూ కనిపిస్తే పక్కన పది నిమిషాలు కూర్చోండి. ఎలా చేశావని అడగండి. ఎన్ని మార్కులొచ్చాయన్నది సోమవారం అడగొచ్చు.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీషు టీచర్